మాయమైన మచ్చ

లోహిత్‌కి చాలా విద్యలు వచ్చు. ఆగడం ఒక్కటే రాదు.

సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో పెద్దాసుపత్రి ఉంది. అందులో నరాల వార్డు. లోహిత్ అక్కడ డాక్టరుగా పనిచేస్తూనే పైచదువు చదువుతున్నాడు. అతని గురువు డాక్టర్ జకరయ్య గారు. ఆయన జుట్టంతా ఎప్పుడో నెరిసిపోయింది. వార్డు ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళడానికి ఆయనకి పొద్దంతా పట్టేది. ప్రతి మంచం దగ్గరా ఆగుతారు కదా. మాట తక్కువ. ఆ ఒక్క మాట కూడా ఎంతో దూరం నడిచొచ్చి, అలిసిపోయి, గట్టు మీద కూలబడినట్టు వినిపించేది.

"సార్, ఏ జబ్బో తెలియకుండా రోజుల తరబడి ఉండటం... నా వల్ల కాదు సార్. మీకు విసుగు రాదా?" అని లోహిత్ ఒకసారి అడిగాడు.

"వస్తుంది" అన్నారాయన. అంతే.

ఆ రోజుల్లోనే పోలమ్మని తీసుకొచ్చారు.

పోలమ్మ రేవులో చేపలమ్మే మనిషి. ఆవిడ గొంతెత్తి పిలిస్తే పడవల మీద వాళ్ళు కూడా తిరిగి చూసేవాళ్ళట. అలాంటి మనిషి కొన్నాళ్ళుగా మూగబోయింది. మంచం మీద పడుకుని, కిటికీలోంచి కనిపించే నీలం గీతని, ఆ సముద్రాన్నే చూస్తూ ఉండేది. అన్నం ముద్ద నోట్లో పెడితే నమలడం మర్చిపోయేది.

కూతురు నూకరత్నం చెప్పింది. "మా అయ్య పోనాక దిగులు పెట్టుకుందనుకున్నాం బాబూ. ఒకాయన దిగులుకే మాత్రలిచ్చాడు. తరవాత కుడిసెయ్యి పడిపోతంటే పచ్చవాతమన్నారు. మా పిన్ని గాలి సోకిందనీసి తాడు కట్టించింది. ఎవులికీ తెల్దు. ఏటో సెప్పండి బాబూ, దానికో పేరుంతాది కదా?"

స్కాను తీశారు. మెదడు నడిమధ్య తెల్లటి మచ్చ. పొగమంచులో ఎవరో దీపం పట్టుకుని నిలబడ్డట్టు ఉంది.

లోహిత్ చూడగానే గుర్తుపట్టేశాడు. "నరాల మీద పొర వాచే జబ్బు సార్. పుస్తకంలో బొమ్మ ఇలాగే ఉంటుంది. స్టెరాయిడ్ ఇస్తే తగ్గిపోతుంది."

జకరయ్య గారు ఆ ఫిలిం ముందు చాలాసేపు నిలబడ్డారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"అలాగే ఉంది" అన్నారు. "అందుకే భయం."

"దేనికి సార్ భయం?"

"లింఫోమా కూడా అలాగే ఉంటుంది. రక్తంలో తిరగాల్సిన కణం ఒకటి మెదడులోకి వచ్చి కాపురం పెట్టి పుండవుతుంది. అరుదైన క్యాన్సర్. దిగులులా ఉంటుంది, పక్షవాతంలా ఉంటుంది, నువ్వు చెప్పిన పొర జబ్బులా ఉంటుంది. దాని మొహంతో అది ఎప్పుడూ రాదు."

కళ్ళు పరీక్ష చేయించారు. వెన్నులో నీరు తీసి చూశారు. ఎక్కడా దాని జాడ లేదు. ఇక మిగిలింది పుర్రెలో చిన్న రంధ్రం చేసి, మచ్చలోంచి ఇంత ముక్క తీసి చూడటమే.

"ముక్క తీసేదాకా స్టెరాయిడ్ వద్దు. ఒక్క డోసు కూడా" అని చెప్పి జకరయ్య గారు వేరే ఊరి కాలేజీలో పరీక్షలు పెట్టడానికి వెళ్ళారు.

ఆయన అటు వెళ్ళారు, ఇటు ఆపరేషన్ వాయిదా పడింది. తలకి బిగించే చట్రం మరమ్మతుకి పోయిందన్నారు. ఇవాళొస్తుంది, రేపొస్తుంది. రోజూ నూకరత్నం వార్డు గుమ్మంలో నిలబడి లోహిత్ మొహంలోకి చూసేది. ఏడవటం కూడా మానేసింది. ఆ చూపు తప్పించుకోవడానికి అతను వెనక మెట్ల మీంచి రావడం మొదలుపెట్టాడు.

చివరికి ఒక పొద్దున, సముద్రం మీద వాన పడుతుండగా, లోహిత్ రోజూ ఇవ్వమని స్టెరాయిడ్ ఇంజక్షన్ రాశాడు. మొదటిది తనే ఎక్కించాడు. ఎవరో చీకటి గదిలో కిటికీ తెరుస్తున్నట్టు అనిపించింది అతనికి.

నిజంగానే కిటికీ తెరుచుకుంది. వారం తిరక్కుండానే పోలమ్మ లేచి కూర్చుంది. కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. పడిపోయిన కుడిచెయ్యి ఎత్తి, జుట్టు ముడేసుకుని, "ఏటే, నాకీ కర్రలాటి రొట్టె పెడతన్నారు? సేపల పులుసు లేదేటి ఈ ఆసుపత్రిలో?" అంది.

వార్డంతా నవ్వింది. నర్సులు లోహిత్‌ని చూసే చూపే మారిపోయింది. అతను వరండాలో నడుస్తుంటే నేల ఇంత కింద ఉన్నట్టుండేది.

జకరయ్య గారు తిరిగొచ్చిన రోజు లోహిత్ ఆయనకి గుమ్మం దగ్గరే ఎదురెళ్ళి, సంచీ కూడా దించనివ్వకుండా ఆ మంచం దగ్గరికి తీసుకెళ్ళాడు.

పోలమ్మ ఆయన్ని కిందా మీదా చూసింది. "ఈయనేనా బాబూ మీ పెద్ద డాక్టరు? నా మంచం ఈయనకిచ్చీసి నానే కుర్సీలో కూకుంతాను. పాపం, నాకన్నా అలిసిపోయినట్టున్నాడు."

జకరయ్య గారు నవ్వారు. "నిజమే పోలమ్మా. ఇవాళ నీ బుట్టలో ఏమున్నాయి?"

"వంజరం ఉన్నాది, సందువ ఉన్నాది, సావిడాయిలు ఉన్నాయి. నెత్తళ్ళు ఒద్దు, ముల్లు గుచ్చుకుంతాది మీకు."

ఆయన గదిలోకి వచ్చి కూర్చున్నారు. లోహిత్ పొగడ్త కోసం నిలబడ్డాడు.

"మందిచ్చావా?"

"ఇచ్చాను సార్. మీరు ఊళ్ళో లేరు, ఆపరేషన్ వాయిదాలు పడుతోంది. ఆవిడ బాధ చూళ్ళేకపోయాను."

"ఆవిడకి నొప్పి లేదు లోహిత్."

ఆ మాట అర్థం కాలేదు లోహిత్‌కి. "పొర జబ్బే సార్. చూశారుగా ఎలా లేచిందో."

ఆయన మళ్ళీ స్కాను తీయించమన్నారు.

సాయంత్రానికి ఫిలిం వచ్చింది. లైటు పెట్టె మీద పెట్టారు. జూనియర్లు, నర్సులు చుట్టూ మూగారు. మచ్చ లేదు. తెల్లవారితే మంచు ఎలా పోతుందో అలా పోయింది. ఎవరో చప్పట్లు కొట్టారు. లోహిత్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

జకరయ్య గారు జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశారు. ఫిలింల మీద గీసే మైనం పెన్సిలు అది. లోహిత్ చేతికిచ్చారు.

"చట్రం బాగుచేసి పంపించారట. సర్జన్ గారు రేపు సిద్ధంగా ఉంటానన్నారు. సూది ఎక్కడ దింపాలో గుర్తుపెట్టివ్వు."

లోహిత్ నవ్వుతూ ఫిలిం మీదకి వంగాడు. నవ్వు అలాగే ఉంది. పెన్సిలు అటు వెళ్ళింది, ఇటు వచ్చింది. మెదడంతా ఒకేలా, బూడిదరంగు సముద్రంలా పరుచుకుని ఉంది. ఎక్కడా అల లేదు, పడవ లేదు.

"చోటు... లేదు కదా సార్."

"జబ్బు పోయిందా?"

"పోయింది సార్."

"ఏ జబ్బు?"

లోహిత్ నోరు తెరిచాడు. పొర జబ్బు ఈ మందుకి కరుగుతుంది. అది చదివాడు. లింఫోమా కూడా ఇదే మందుకి కరుగుతుంది. అదీ చదివాడు. ఒకే పుస్తకంలో, రెండు పేజీల ఎడంలో. పొర జబ్బయితే ఇక రాకపోవచ్చు. లింఫోమా అయితే కొన్నాళ్ళు దాక్కుని, మరింత బలిసి తిరిగొస్తుంది. ఏది కరిగిందో చెప్పగలిగిన ముక్క ఇప్పుడు ఆ తలలో ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

చప్పట్లు ఎప్పుడాగిపోయాయో అతనికి తెలియలేదు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. పెన్సిలు మొన గాజుకి అంగుళం దూరంలో అలాగే ఉండిపోయింది.

"లింఫోమాకి మందు ఇచ్చేద్దాం సార్, ఎందుకైనా మంచిది" అన్నాడు చివరికి.

"ఆ మందు కిడ్నీల్ని, మజ్జని పట్టి పీడిస్తుంది. లేని జబ్బుకి ఇస్తే?"

"మరి ఏం చెయ్యాలి?"

"ఇచ్చింది తగ్గిస్తూ ఆపెయ్యాలి. అది తిరిగొస్తుందేమో చూడాలి."

"రాకపోతే?"

"రాకపోతే నువ్వు చెప్పిందే నిజం. నేనే స్వీట్లు తెప్పిస్తా" అన్నారు జకరయ్య గారు. ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే అలా జరగాలని కోరుకుంటున్నట్టుంది.

మర్నాడు ఇద్దరూ పోలమ్మ దగ్గరికి వెళ్ళారు. జకరయ్య గారు అంతా ఆవిడకే చెప్పారు, కూతురికి కాదు. ఇప్పుడు ఆవిడ తేటగా ఉంది. ఈ మందు జబ్బుని చంపిందో, దాచిందో తెలియదని చెప్పారు. ఆపితే మళ్ళీ మసకలోకి వెళ్ళొచ్చని చెప్పారు. ముక్క తీసే ముందు మందివ్వకుండా ఉండాల్సిందని, మా వార్డులో తప్పు జరిగిందని చెప్పారు.

నూకరత్నం లేచి నిలబడింది. "బాగయిన మడిసిని మల్లీ పాడు సేత్తారా? మందుండగా ఆపీడమేటి? మీకు తల్లి లేదేటి బాబూ?"

ఆమె అడిగింది జకరయ్య గారిని కాదు. లోహిత్‌ని.

"నేనే ఇచ్చానమ్మా ఆ మందు" అన్నాడు లోహిత్. "సార్ వద్దన్నారు."

నూకరత్నం కోపం ఎటు పోవాలో తెలియక చీర కొంగులోకి పోయింది. మొహం దాచుకుని ఏడ్చింది.

పోలమ్మ కిటికీలోంచి చూస్తోంది. "నాను లోపలున్నప్పుడు అన్నీ ఇనబడేవి బాబూ. మీరందరూ ఒడ్డున నిలబడి పిలస్తన్నట్టుండేది. నాను పలికీదాన్నే. మాట గొంతుదాకా వొచ్చి ఎనక్కెలిపోయేది." లోహిత్ వైపు తిరిగింది. "నాను మల్లీ అక్కడికెల్తే నువ్వు ఒడ్డునుంతావా? నా తలలో దాక్కున్న ఆ దొంగముండ ఎవుతో పట్టుకుంతావా?"

"ఉంటాను" అన్నాడు.

"అయితే ఆపీండి" అంది పోలమ్మ. "నూకా, ఏడుపాపు. నా దువ్వెనిలాగియ్యి."

మందు తగ్గిస్తూ వచ్చారు. తర్వాత పూర్తిగా ఆపేశారు.

అప్పుడు లోహిత్‌కి ఇంకో కష్టం మొదలైంది. ఆవిడ తేటగా నవ్వినప్పుడల్లా సంతోషం వేసేది, వెంటనే భయం వేసేది. రోజూ పొద్దున్నే ఆవిడ ఒక్క తప్పు మాట కోసం చెవులు రిక్కించి కూర్చోవాలి. తప్పు రాకూడదని దండం పెట్టుకుంటూ తప్పు కోసం ఎదురుచూడాలి. నిద్ర పట్టేది కాదు. కొన్నాళ్ళకి జకరయ్య గారి గదికి వెళ్ళి, "సార్, నన్ను మూర్ఛ జబ్బుల వార్డుకి మార్చండి. ఇక్కడ ఎవరైనా ఉంటారు" అన్నాడు.

ఆయన విన్నారు. మూలనున్న ఇనుప స్టూలు చేత్తో ఎత్తుకున్నారు. అది ఆయన వయసుకి బరువే. దాన్ని మోసుకుంటూ వార్డు మధ్యలోంచి నడిచారు. నర్సు పరుగెత్తుకొచ్చినా ఇవ్వలేదు. పోలమ్మ మంచం పక్కన ఆయన స్టూలు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాని పక్కన దీన్ని పెట్టి, ముందు తను కూర్చున్నారు.

లోహిత్ వచ్చి రెండోదాని మీద కూర్చున్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అలా రోజులు గడిచాయి. ఏ రోజుకా రోజు ఈడ్చుకుంటూ నడిచేది. వానలు వెనకబట్టాయి. జకరయ్య గారు ఒక్కోసారి ఆ స్టూలు మీదే కళ్ళు మూసుకునేవారు. పోలమ్మ వేలు పెదవుల మీద పెట్టుకుని "ష్" అనేది లోహిత్‌తో. "పెద్దాయన కునుకు తీత్తన్నాడు. నువ్వడుగు, నా బుట్టలో ఏటున్నాయో."

లోహిత్ అడిగేవాడు. ఆవిడ చెప్పేది. లేని బుట్టలోంచి లేని చేపలు ఒక్కొక్కటే తీసి, వాటి పొలుసులు, వాటి కళ్ళ మెరుపు, ఏది ఏ పులుసుకి బాగుంటుందో అంతా చెప్పేది. లోహిత్ ఎన్నడూ చేప తిననివాడు. ఆ వార్డులో మందుల వాసన మధ్య అతనికి ఉప్పుగాలి తగిలేది.

ఒక పొద్దున జకరయ్య గారు మెలకువగానే ఉన్నారు. లోహిత్ అడిగాడు, "ఇవాళ ఏమున్నాయమ్మా బుట్టలో?"

"వంజరం ఉన్నాది" అంది పోలమ్మ. "పీతలున్నాయి. ఇంకా... అదీ..."

ఆగింది.

"పొడుగ్గా ఉంతాది. ఎండిలాగ మెరుస్తాది. రిబ్బనులాగ. అదీ... మా నూక సిన్నప్పుడు జడకి సుట్టుకునీది ఆటకి..."

ఎడమ చెయ్యి గాలిలో ఆ చేప ఆకారం గీస్తోంది. కుడి చెయ్యి దుప్పటి మీద ఉంది. కదల్లేదు.

సావిడాయి. ఆ మాట లోహిత్ నాలుక చివర ఉంది. రోజూ విన్నమాటే. ఒక్క మాట అందిస్తే ఆవిడ నవ్వేస్తుంది, ఇవాళ గడిచిపోతుంది. పెదవులు విడివడ్డాయి.

జకరయ్య గారి చెయ్యి వచ్చి అతని మోకాలి మీద ఆగింది. నొక్కలేదు. ఊరికే ఆగింది.

పోలమ్మ లోహిత్ వైపు చూసింది. నీళ్ళలోంచి చెయ్యి చాచినవాళ్ళు అలా చూస్తారు. నువ్వుంటానన్నావు కదా అన్నట్టుంది ఆ చూపు.

అతను ఉన్నాడు. ఆ మాట అందించలేదు, చూపు తిప్పలేదు. ఆవిడ వెతికి వెతికి, చివరికి చెయ్యి దించేసి, కిటికీ వైపు తిరిగిపోయింది.

"స్కానుకి రాయి" అన్నారు జకరయ్య గారు.

లోహిత్ రాశాడు. అక్షరాలు కనిపించలేదు, అయినా రాశాడు.

మచ్చ వచ్చింది. మునుపటి చోటికి కాస్త పక్కగా, మునుపటికంటే తెల్లగా. ఈసారి ఎర్ర పెన్సిలు ఎక్కడ ఆగాలో చూపించనక్కర్లేకపోయింది. సర్జన్ గారు మర్నాడే ముక్క తీశారు. తలకి కట్టుతో పోలమ్మ బయటికొచ్చేసరికి నూకరత్నం తల్లి పాదాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ముక్కలు పరీక్షించే డాక్టరమ్మ కబురు పెడితే లోహిత్ పరుగెత్తాడు. సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టాడు. నీలం రంగు కణాలు, గుండ్రంగా, ఒకదానిమీద ఒకటి, సన్నటి రక్తనాళం చుట్టూ గుంపు కట్టి ఉన్నాయి. సంతలో దీపం చుట్టూ మూగిన జనంలా ఉన్నాయి. ఒక్క క్షణం, ఎంత అందంగా ఉన్నాయో అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

లింఫోమా.

నూకరత్నంతో అతనే చెప్పాడు. క్యాన్సరని చెప్పాడు, దాచలేదు. మందు ఉందని చెప్పాడు. బాధ పెట్టే మందే గానీ, ఈ జబ్బు ఆ మందుకి లొంగే అవకాశం ఉందని చెప్పాడు.

ఆమె గోడకి ఆనుకుంది. "పేరు దొరికింది కదా" అంది. "ఇన్నాళ్ళూ ఎవుల్ని తిట్టుకోవాలో తెల్లేదు బాబూ."

మందు మొదలుపెట్టారు. సీసాల మీద సీసాలు నీళ్ళు ఎక్కించారు. పోలమ్మ వాంతులు చేసుకుంది, జుట్టు పల్చబడింది, జ్వరాలొచ్చాయి. ఒకటి రెండుసార్లు ఇక లేదనుకున్నారు. తర్వాత మాటలు ఒకటీ అరా తిరిగొచ్చాయి. ముందు నూకరత్నం పేరు వచ్చింది. తర్వాత తిట్లు వచ్చాయి, ఆసుపత్రి రొట్టె మీద. స్కానులో మచ్చ చిన్నదవుతోంది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. మొదట్లోనే ముక్క తీసి ఉంటే వచ్చేదేమో. ఆ సంగతి ఎవరూ లోహిత్‌తో అనలేదు. పోలమ్మ అన్నం తినేటప్పుడు ఎడమచేత్తో కలుపుకోవడం అతను రోజూ చూసేవాడు.

ఒక మధ్యాహ్నం జకరయ్య గారు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. చెప్పులు విప్పి, వాచిన పాదాల్ని చల్లటి నేల మీద ఆనించుకున్నారు. లోహిత్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సార్, నేను మీ మాట వినలేదు. ఆవిడకి అన్ని రోజులు పోయాయి. చెయ్యి పోయింది. మీరు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఎందుకు సార్?"

జకరయ్య గారు కళ్ళు తెరవకుండానే అన్నారు.

"అనేస్తే నీకు తేలికైపోయేది."